ఐదు బారల లోతు

వావావు దీవులకి పెద్ద అయిన ఫోతు, మత్తెక్కించే వేరురసం కావా తాగుతూ కౌఫానాకి మిషన్ అప్పజెప్పాడు. టార్గెట్ కెప్టెన్ వెన్‌లో అనేవాడు. ఇంగ్లిషువాడు, ఓడ నాయకుడు, మ్యాపులు గీయడంలో మొనగాడు. పగడపు దిబ్బల మధ్య నుంచి రేవులోకి ఉన్న ఒక్కగానొక్క దారిని కొలుస్తున్నాడు. ఆ మ్యాపు సిడ్నీ చేరితే ఫిరంగుల ఓడ వస్తుంది. పోయినేడు పక్క దీవికి అలాగే వచ్చింది. అది కౌఫానా అక్క ఊరు. ఇప్పుడక్కడ బూడిద తప్ప ఏమీ లేదు.

"వాణ్ణి చంపెయ్యనా?" అన్నాడు కౌఫానా, పళ్లు పటపట కొరుకుతూ.

"చంపితే ఇంకోడొస్తాడు. మ్యాపు కాజేస్తే ఇంకోటి గీస్తాడు. వాడి చేత్తోనే అబద్ధం గీయించరా."

అలా కౌఫానా మొద్దు వేషంలో ఆ ఓడ మీద కూలీగా చేరాడు. సీసపు గుండు కట్టిన తాడు నీళ్లలోకి విసిరి లోతు అరిచి చెప్పడం వాడి పని. తాడుకి బార బారకీ తోలుముక్కో గుడ్డపీలికో గుర్తుగా కుట్టి ఉంటుంది. ఆ గుర్తులన్నీ విప్పి, దగ్గర దగ్గరగా కుట్టేశాడు. నాలుగు బారల నీళ్లున్నచోట ఐదు అని అరిచేవాడు. ఫిరంగుల ఓడకి నాలుగున్నర కావాలి. కెప్టెన్ ఐదని రాసుకుంటూ, ఈ మొద్దుకి లెక్కపెట్టడం నేర్పింది తానేనని తన కింది అధికారి మేటు దగ్గర గొప్పలు పోయేవాడు. విన్నప్పుడల్లా కౌఫానాకి ఒళ్లు మండిపోయేది. చుక్కల్ని చూసి సముద్రాలు దాటిన వంశం వాడిది!

ఓడలో దుబాసీ లూపె. జడలో పూలు, ఒంటిమీద కెప్టెన్ ఇచ్చిన పట్టు శాలువా. ఆ అందగత్తె ఎటువైపు మనిషో ఎవరికీ అంతుబట్టేది కాదు.

ఆఖరి రోజు కెప్టెన్ మ్యాపు మీద సంతకానికి కలం ముంచాడు. లూపె వంగి చెవిలో ఏదో చెప్పింది. కలం ఆగింది. తాడు తెమ్మన్నాడు.

డెక్కు మీద బార బారకీ ఇత్తడి మేకులు కొట్టి ఉంటాయి. తాడు వాటి పక్కన పరిస్తే మోసం బయటపడిపోతుంది. దీని దుంప తెగ, శాలువాకి అమ్ముడుపోయిందని తిట్టుకుంటూ కౌఫానా కత్తి మీద చెయ్యేశాడు.

మేటు తాడు పరిచాడు. ప్రతి గుర్తూ మేకు పక్కనే పడింది. వెంట్రుకవాసి తేడా లేదు. కెప్టెన్ పకపకా నవ్వి, కొలతలు స్వయంగా సరిచూశానని రాసి మరీ సంతకం పెట్టాడు.

ఒడ్డుకి చేరాక కౌఫానా అడిగాడు. "మేకులు ఎప్పుడు మార్చావే?"

"నువ్వు తాడు కుట్టడం చూశా. ఆదివారం వాళ్లంతా ముందువైపు ప్రార్థనకి చేరతారుగా. మనం అనాగరికులం, దగ్గరికి రానివ్వరు. ఓడ వెనకంతా నాదే. పాత కన్నాల్లో తారు పూశా."

"మరి వాడి చెవిలో ఊదడం దేనికి? నా ప్రాణాలు పోయాయి."

"మేటుకి నీ తాడు మీద అనుమానమొచ్చింది. వాడు తాడుని ఒడ్డుకి తీసుకెళ్లి వేరే కొలబద్దతో కొలిచాడంటే మన పని అయిపోయేది. అందుకే నేనే ముందు అనుమానపడ్డా. మనవాడి మీద చాడీ చెప్పాను కాబట్టే నన్ను నమ్మాడు. నువ్వు కత్తి తీసుంటే అంతా బుగ్గయ్యేది, మొద్దూ."

మూడు నెలలకి ఫిరంగుల ఓడ వచ్చింది. వెన్‌లోనే ముందు నిలబడి దారి చూపించాడు. పట్టపగలు, గాలి అనుకూలం. దారి మధ్యకి రాగానే ఓడ దిబ్బెక్కి ఫెళ్లున చీలింది. ఒక్క ఫిరంగీ పేలలేదు. ఊళ్లోవాళ్లు పడవలేసుకెళ్లి మనుషుల్ని తెచ్చారు, తుపాకుల్ని మాత్రం సముద్రంలో వదిలేశారు. వెన్‌లో చొక్కా పట్టుకుని ఒడ్డుకి ఈడ్చింది కౌఫానాయే. మా అక్క ఊరు ఏ మ్యాపులో ఉందో చూపించరా అని మొహమ్మీద అడిగాడు. వాడికి అదేం పట్టలేదు. తడిసిన కాగితం ఇసుకలో పరిచి, అక్కడ ఐదు బారల లోతుందని కొట్లాడుతున్నాడు.

ఆ మ్యాపు ప్రకారం ఓడ ఇంకా తేలుతూనే ఉంది.