డమ్మీ పేషెంట్

మట్టయ్యను చంపినవాళ్లు అతని మంచానికి మూడు దేశాల అవతల ఉన్నారు. కత్తి లేదు, తుపాకీ లేదు. హాస్పిటల్ కంప్యూటర్ రికార్డులో ఒక్క గడి మార్చారు, అంతే. "పెన్సిలిన్ పడదు" అని ఉన్న చోట "ఎలర్జీలు ఏమీ లేవు" అని వచ్చింది. దాని కింద "టెస్ట్ డోస్ ఇచ్చాం, రియాక్షన్ లేదు" అని ఇంకో లైను చేరింది. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరి ఏడంతస్తుల హాస్పిటల్లో, షుగర్ పుండుతో కాలు వాచి చేరిన ఆ డెబ్బై ఏళ్ల మనిషికి మధ్యాహ్నం రెండు గంటలకు ఇంజెక్షన్ ఇచ్చారు. రెండూ ఇరవైకి పధ్నాలుగో బెడ్ ఖాళీ అయింది.

పక్కనే ఉన్న భార్య అండాలమ్మ మూడుసార్లు చెప్పింది.

"ఆయనకు గా సూది పడదు బిడ్డా. నల్లగొండ దవాఖానల ఓసారి పానం మీదికొచ్చింది."

"సిస్టంల అట్ల లేదమ్మా," అంది నర్సు స్క్రీన్ చూసి.

సిస్టం అనేసరికి అండాలమ్మ తగ్గింది. అంత ఖరీదైన యంత్రం అబద్ధం చెబుతుందా అనుకుంది పాపం. నాలుగోసారి గట్టిగా అరవలేదన్న బాధతో నాలుగు నెలలుగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఆ చావు వెనక ఉన్నది కుట్ర అని ఆమె కొడుకు లింగస్వామికి తెలిసింది ఒక మంగళవారం పొద్దున ఏడున్నరకు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో. కింద నాలుగు వందల మంది పిల్లలు కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతుంటారు. పైన దేశానికి అసలైన కరెంట్ అఫైర్స్ నడుస్తుంటాయని వాళ్లకు తెలియదు. అది సీక్రెట్ సర్వీస్ వాళ్ల సేఫ్ హౌస్.

"గ్రూప్ టూ బ్యాచ్ ఎప్పుడు?" అన్నాడు లింగస్వామి తలుపు దగ్గర.

"సీట్లు అయిపోయినయ్. వెయిటింగ్ లిస్టుల పేరు రాస్కో."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. పదకొండేళ్లుగా లింగస్వామి గూఢచారి. ఇంట్లో మాత్రం విత్తనాల కంపెనీలో సేల్స్ ఉద్యోగం అని చెప్పుకుంటాడు.

చీఫ్ కమలాకర్ కుశల ప్రశ్నలు అడిగే మనిషి కాదు.

"రామమోహనరావు. రిటైర్డ్ రాడార్ సైంటిస్ట్. ఇయ్యాల పదకొండింటికి ఎల్బీనగర్‌ల గుండె ఆపరేషన్. వచ్చే నెల ఢిల్లీ ఎంక్వైరీల ఒక ద్రోహి పేరు చెప్పాలె."

"చెప్పనియ్యరు."

"చెప్పనియ్యరు. ఈయనకు పెన్సిలిన్ పడదు. రికార్డ్ మారుస్తరు. ఆపరేషన్‌కు ముందు ఇంజెక్షన్ పడుతది. డాక్టర్ల పొరపాటని పేపర్ల మూడు లైన్లొస్తది. అయిపోయె."

"వాయిదా వేద్దాం సార్."

"వేస్తే బయటి దేశపోళ్లు ఇక్కడ పెట్టుకున్న ముఠా జారుకుంటది. గీ సాఫ్ట్‌వేర్ ఇంక నలభై హాస్పిటళ్లల్ల ఉంది. లోపల వాళ్ల మనిషి ఐటీ మేనేజర్ శ్రీనివాస్. వాన్ని చేతిల పనితోనే పట్టుకోవాలె."

కమలాకర్ ఒక కాగితం ముందుకు జరిపాడు. చేతిని వెంటనే తీయలేదు.

"గీ పద్ధతి పనిచేస్తదా లేదా అని ముందు ఒకరి మీద ట్రయల్ చేసిండ్రు. నాకు నిన్ననే తెలిసింది. నువ్వు తప్పుకుంటనంటే నేనేమనను."

లింగస్వామి చదివాడు. మట్టయ్య. బెడ్ పధ్నాలుగు.

"ట్రయల్ కోసమా సార్?"

"ట్రయల్ కోసమే."

ఎవరో పగబట్టి చంపి ఉంటే కోపం వచ్చేది. తండ్రి ఎవరికీ శత్రువు కూడా కాడు. లింగస్వామి ఆ పేరు మరోసారి చదివాడు. కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"పని నేనే చేస్త. మా అమ్మకు ఒక్క మాట చెప్పొచ్చా సార్? తన తప్పనుకుంటున్నది."

"ఒక్క ముక్క చెప్పొద్దు. చెప్తే కొలువు పోతది, కేసు కూడ అయితది."

ఎనిమిదిన్నరకు మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో, ప్లాట్‌ఫాం చివరి బెంచీ మీద వర్ష కూర్చుని ఉంది. నల్లద్దాలు, గులాబీ రంగు పట్టుచీర. ఆమె అలా నడిచి వెళ్తే ఎస్కలేటర్ మీద వాళ్లు దిగడం మరిచిపోతారు. హాస్పిటళ్లలో ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టే కంపెనీకి ఆమె కన్సల్టెంట్. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. రెండేళ్లుగా ఆ ముఠా గుట్టంతా ఆమె కమలాకర్‌కు చేరవేస్తోంది.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక స్క్రూడ్రైవర్ తీసి ఇచ్చింది.

"పిడి తిప్పితే పెన్‌డ్రైవ్. పదకొండుకు ఐదు నిమిషాల ముందు రికార్డ్ మారుస్తరు. అంతకంటె ముందే నువ్వు సర్వర్ రూంల పెట్టు. సైంటిస్ట్ రికార్డ్ లాకైతది. గంట దాకా ఎవ్వరూ మార్చలేరు, నేను కూడ."

"ఒకటి అడగాలె," అన్నాడు లింగస్వామి. "ట్రయల్‌కు మట్టయ్యనే ఎందుకు ఎంచుకున్నరు?"

వర్ష అద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎంచుకున్నది నేనే. చంపుతరని తెల్వదు, ఒట్టు. రికార్డ్ మారుతదో లేదో చూస్తం, ఒక డమ్మీ పేషెంట్‌ను చూపియ్యమన్నరు. సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు టెస్టింగ్ కోసం ఉత్తుత్తి పేషెంట్లను ఎక్కిస్తం మేము. లిస్టుల ఈ పేరు దొరికింది. పుట్టిన తేదీ జనవరి ఒకటి. ఇంటిపేరు లేదు. అడ్రస్ 'మెయిన్ రోడ్, నల్లగొండ'. ఫోన్ నంబర్ పది తొమ్మిదులు. నిజం మనిషికి గట్ల ఉంటదా? డమ్మీయే అనుకున్న. సాయంత్రం సిస్టంల 'మరణించారు' అని చూసినంక గాని తెల్వలే."

లింగస్వామికి రిజిస్ట్రేషన్ కౌంటర్ కళ్ల ముందు కనిపించింది. పుట్టిన తేదీ అడిగితే మట్టయ్య, "మా ఊర్ల పెద్ద కరువొచ్చిన ఏడాది, పెసర్లు ఏరేటప్పుడు" అన్నాడు. కౌంటర్లో అమ్మాయి నవ్వి, "జనవరి ఒకటి వేయండి సార్, మీ వైపు పెద్దవాళ్లందరికీ అదే వేస్తాం" అంది. లింగస్వామి అదే రాశాడు. ఫోన్ నంబర్ గడి దగ్గర మాత్రం అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. సొంత నంబర్, సొంత అడ్రస్ ఎక్కడా ఇవ్వకూడదన్నది సర్వీసులో మొదటి రోజు నేర్పే పాఠం. పదకొండేళ్ల అలవాటులో కలం దానంతటదే కదిలింది. వరసగా పది తొమ్మిదులు.

"ఆ నంబర్ రాసింది నేను," అన్నాడు. "ఆయన మా నాయన."

వర్ష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఇద్దరూ ఎక్కలేదు.

పదీ నలభై దాటాక ఏసీ మెకానిక్ వేషంలో లింగస్వామి హాస్పిటల్ ఏడో అంతస్తుకు చేరాడు. నూనె మరకల చొక్కా, భుజాన గ్యాస్ సిలిండర్. సిలిండర్‌లో గ్యాస్ లేదు, జామర్ ఉంది. అది ఆన్ చేస్తే ఆ బిల్డింగ్‌లో సెల్‌ఫోన్ గానీ వైర్‌లెస్ ఇంటర్‌కం గానీ ఏదీ పలకదు, బయటికి ఒక్క మెసేజ్ పోదు.

సర్వర్ రూంలో శ్రీనివాస్ ఒక్కడే కూర్చుని అరటిపండు తింటున్నాడు.

"ఏసీ బాగనే ఉంది కదా. ఎవరు పిలిచిండ్రు?"

"కంప్లైంట్ వచ్చింది సార్. జర చూసి పోతా."

జామర్ ఆన్ అయింది. స్క్రూడ్రైవర్ పిడి తిరిగింది. పది నలభై ఏడుకు స్క్రీన్ మీద పచ్చ లైటు వెలిగి "లాక్డ్" అని వచ్చింది. మరు నిమిషంలో శ్రీనివాస్ చేతులకు బేడీలు పడ్డాయి. సగం తిన్న అరటిపండు కిందపడింది.

అయినా వాడు నవ్వాడు.

"ఏం లాక్ చేసినవో చదువుకో అన్నా."

లింగస్వామి చదివాడు. "రామమోహనరావు. ఎలర్జీలు ఏమీ లేవు. టెస్ట్ డోస్ ఇచ్చాం, రియాక్షన్ లేదు."

"ఆపరేషన్ పావుగంట ముందుకు జరిపిండ్రు. నేను కూడ జరిగిన, నువ్వు రాకముందే మార్చిన," అన్నాడు శ్రీనివాస్. "ఇప్పుడు గంట దాకా దేవుడు దిగొచ్చినా అది మారదు."

లింగస్వామి ఇంటర్‌కం ఎత్తాడు. చడీచప్పుడు లేదు. తన జామరే. అది కట్టేసినా లైన్లు తిరిగి లేవడానికి మూడు నిమిషాలు పడుతుంది. లిఫ్టుల ముందు స్ట్రెచర్ల వరస ఉంది. అతను మెట్ల మీద పడి పరుగెత్తాడు. ఏడు, ఆరు, ఐదు. నాలుగో అంతస్తులో పధ్నాలుగో బెడ్ ఉన్న వార్డు తలుపు తెరిచే ఉంది. అటు చూడకుండా దిగాడు. ఒకే ఆలోచన. అండాలమ్మలాగే ఇంకో ఆడమనిషి కింద వెయిటింగ్ హాల్లో కూర్చుని ఉంటుంది, తను చెప్పాల్సింది చెప్పానని ధైర్యంగా.

రెండో అంతస్తు. ఆపరేషన్ థియేటర్ తలుపు గుండ్రటి అద్దంలోంచి చూస్తే మత్తు డాక్టర్ సిరంజి పైకెత్తి గాలి తీస్తున్నాడు. టేబుల్ మీద రామమోహనరావు. లింగస్వామి తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి సార్," అంది లోపల ఒక నర్సు.

ఆమె రామమోహనరావు ముంజేతి మీద దుప్పటి తొలగించింది. అక్కడ అంగుళం వెడల్పు తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద బాల్‌పెన్‌తో రాసిన అక్షరాలు. "పెన్సిలిన్ పడదు. భార్య చెప్పింది."

"మళ్లీ మొదలుపెట్టారా సిస్టర్?" డాక్టర్ విసుక్కున్నాడు. "ఇది పేపర్‌లెస్ హాస్పిటల్. ఈ ప్లాస్టర్ల మీద మీకు రెండు మెమోలు ఇచ్చారు కదా. సిస్టంలో అలాంటిదేమీ లేదు."

"సిస్టంల లేదని నేను కూడ ఒకామెకు చెప్పిన సార్," అంది ఆ నర్సు. "మూడుసార్లు మొత్తుకున్నది. ఇరవై నిమిషాలల్ల ఆమె పెనిమిటి పోయిండు. మూడో మెమో కూడ ఇయ్యమనుండ్రి. గా సూది మాత్రం వెయ్యనియ్య."

డాక్టర్ ప్లాస్టర్‌ను చూశాడు, స్క్రీన్‌ను చూశాడు. సిరంజి ట్రేలో పెట్టేశాడు.

"వేరే మందు తీయండి."

లింగస్వామి తలుపు మీది చెయ్యి తీశాడు. అద్దంలోంచి ఆమె బ్యాడ్జి కనిపించింది. కృష్ణకుమారి. నాలుగు నెలలుగా అతను మనసులో శపించిన పేరు అదే. ఆ రోజు నుంచి ఆమె, వార్డులోనైనా థియేటర్‌లోనైనా, ప్రతి పేషెంట్ ఇంటివాళ్ల దగ్గర కూర్చుని అడిగి, వాళ్లు చెప్పింది ప్లాస్టర్ మీద రాసి అంటిస్తోందని అతనికి తర్వాత తెలిసింది. చేతులు జోడించి దణ్ణం పెడదామనుకున్నాడు. ఏసీ మెకానిక్ ఎందుకు దణ్ణం పెడుతున్నాడని అడుగుతారు. అందుకని గోడకు ఆనుకుని మౌనంగా ఏడ్చాడు.

మధ్యాహ్నానికి శ్రీనివాస్ నోరు విప్పాడు. ముఠాలో మిగిలిన ముగ్గురు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక అద్దె ఫాంహౌస్‌లో దొరికారు. వర్ష తానే కమలాకర్ దగ్గరికి వెళ్లి డమ్మీ పేషెంట్ సంగతి రాసిచ్చి, కింద సంతకం పెట్టి, ఏ శిక్షకైనా సిద్ధమంది. రామమోహనరావు గుండె బాగానే కొట్టుకుంటోంది. కమలాకర్ ఫైల్ మూసి లింగస్వామి భుజం తట్టాడు.

"మెడల్ ఇస్తరు. ఎవరికీ చెప్పొద్దు."

సాయంత్రం ఆరింటికి అతను దిల్‌సుఖ్‌నగర్‌లో తమ కిరాయి ఇంటికి వచ్చాడు. అండాలమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మనిషి సగమైపోయింది. రైక భుజాల మీంచి జారిపోతోంది. ఇంకో నాలుగు నెలలు ఇలాగే ఉంటే ఆమె కూడా దక్కదు. కొలువు పోతే పోయింది అనుకున్నాడు లింగస్వామి. పక్కన చతికిలబడ్డాడు.

"అమ్మా, నాయన పోయింది నీ తప్పు కాదు."

"మల్ల గదే మాట ఎందుకురా."

"పూర్తిగ విను. నాయన రికార్డ్ కావాలనే మార్చిండ్రు, బయటి దేశపోళ్లు. నేను విత్తనాల కంపెనీల చేస్తలేను. సర్కారు గూఢచారిని. నా నంబర్ ఎవరికీ తెల్వొద్దని నాయన కాగితం మీద దొంగ నంబర్ రాసిన. గందుకే ఆయన నిజం మనిషే కాదనుకున్నరు. తప్పు నాది. గా నర్సమ్మ ఇయ్యాల ఇంకొకాయన పానం నిలబెట్టింది. నువ్వు మూడుసార్లు చెప్పినవ్ చూడు, అది యాదుంచుకొనే నిలబెట్టింది."

అండాలమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది. చీర కొంగుతో అతని కళ్లు తుడిచింది.

"ఎంత మంచోనివి కొడుకా. నేను తింటలేనని ఎంత పెద్ద కత అల్లినవ్."

"కత కాదమ్మా..."

"నేనే ఇంకోమాట గట్టిగ అరవాల్సుండె. నాకు తెల్వదా? లే, కాళ్లు కడుక్కో. అన్నం పెడ్త."

పదకొండేళ్లలో లింగస్వామి ఆమెకు కొన్ని వందల అబద్ధాలు చెప్పాడు. ప్రతిదీ నమ్మింది. కొలువు పణం పెట్టి చెప్పిన ఒక్క నిజం దగ్గర మాత్రం, కొడుక్కి అబద్ధం ఆడటం బొత్తిగా చేతకాదని ఆమెకు అనిపించింది.