పన్నెండు పొయ్యిలు

“పొయ్యిల సిలిండర్లు మార్చేశారు. అవి వెలిగితే ఎడ్మంటన్‌లో ఊపిరి పీల్చేవాడు మిగలడు. పదకొండుకి పెద్దాయన వెలిగిస్తాడు. ఆయన ఫోన్ వాళ్లు వింటున్నారు, నువ్వే వెళ్లు. ఆపు.”

పొద్దున పదింబావుకి ఒట్టావా నుంచి చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ ఇంతే. హైవే మీద కారు నడుపుతున్న ఏజెంట్ సుప్రజ యాక్సిలరేటర్ తొక్కింది.

పొయ్యిలు ఎవరివనుకున్నారు? భీమారావుగారివి. రిటైర్డ్ ఇంజినీరు. కిందటి చలికాలం ఆయన భార్య ఈశ్వరమ్మగారు డ్రైవ్‌వేలో ఐసు మీద జారిపడి మంచం పట్టింది. అప్పట్నుంచి పెద్దాయన మంచు మీద పగబట్టాడు. పదకొండు మంది మిత్రుల్ని వాలంటీర్లుగా పోగేసి, ఊరికి పడమట పొలాల్లో పన్నెండు గ్యాస్ పొయ్యిలు పెట్టించాడు. సిల్వర్ అయొడైడ్ పొగ మబ్బుల్లోకి ఎక్కితే, మంచు ఊరిదాకా రాకుండా దారిలోనే రాలిపోతుందని ఆయన ఆశ. నిజంగా తగ్గిందా అంటే, ఆ దేవుడికే తెలియాలి. పన్నెండింటికీ స్విచ్ మాత్రం ఒక్కటే, ఆయన షెడ్డులో ఉంది.

ఆ ఆశనే ఒక విదేశీ ముఠా వాడుకుంది. దానధర్మం పేరుతో సిలిండర్లు పంపుతూ వచ్చి, ఈసారి వాటిలో విషవాయువు నింపింది. పడమటి గాలి దాన్ని తిన్నగా నగరం మీదికి తోస్తుంది. నేరం భీమారావుగారి నెత్తిన పడుతుంది. సుప్రజకి అదే మనసులో ముల్లయింది. క్లైమేట్ స్టూడెంట్ వేషంలో మూడు నెలలుగా ఆ ఇంటి పులిహోర తింటున్న మనిషి కదా!

గ్యాస్ స్టేషన్ దగ్గర స్వీటీ ఎక్కింది. ఎర్ర లిప్‌స్టిక్, ఫర్ కోటు. ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్న మనిషి. సీటు బెల్టు పెట్టుకుని, తీరిగ్గా హ్యాండ్‌బ్యాగ్ లోంచి పిస్టల్ తీసి సుప్రజ డొక్కలో ఆనించింది.

“సారీ. నేను మొదట్నుంచీ వాళ్ల సైడే. కారు పక్కకి ఆపు.”

ఆపుతూనే సుప్రజ వాచీ బటన్ రెండుసార్లు నొక్కింది. పోలీసులు వెంటనే షెడ్డుకి వెళ్లాలని దానర్థం. కానీ ఈ మంచులో ఇరవై నిమిషాలకి తక్కువ పట్టదు. అప్పటికే పది యాభై అయింది.

కారు స్పీకర్లో ఫోన్ మోగింది. వెలిగించే ముందు భీమారావుగారు ఎప్పుడూ ఆమెని గాలి సంగతి అడుగుతాడు. ఎత్తి, వెలిగించమని చెప్పమంది స్వీటీ.

“అమ్మా, గాలి బానే ఉందా? పదకొండుకి వెలిగించేయనా?”

సుప్రజ చకచకా ఆలోచించింది. ఈయన పంచాంగం చూడందే కొత్త కారుని కూడా గరాజ్ దాటించని మనిషి.

“వెలిగించేయండి అంకుల్. వర్జ్యం ఉన్నా ఏం పర్లేదు.”

అటువైపు నుంచి పెద్దాయన సరేనమ్మా అంటూ పెట్టేశాడు.

వర్జ్యమంటే ఏంటని స్వీటీ అడిగింది. టొరంటోలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, పంచాంగం మొహం ఎన్నడూ చూసి ఉండదు. గాలి స్పీడు అని చెప్పింది సుప్రజ.

పదకొండు దాటింది. పొగ లేదు. అయిదు నిమిషాలు దాటింది. ఓపిక చచ్చి స్వీటీ పడమటివైపు తొంగిచూసింది. అదే అదను. సుప్రజ మోచేయి ఆమె మణికట్టు మీద పడింది, పిస్టల్ జారింది, బేడీలు పడ్డాయి.

సుప్రజ షెడ్డు చేరేసరికి పోలీసులు వచ్చి ఉన్నారు. ఆఫీసరు చెయ్యి పట్టుకునేటప్పటికి పెద్దాయన వేలు స్విచ్ మీదే ఉందట.

సుప్రజ తను ఎవరో, సిలిండర్లలో ఏముందో ఏదీ దాచకుండా చెప్పేసింది. సిగ్గుతో ఆయన మొహంలోకి చూడలేకపోయింది. భీమారావుగారు స్టూలు మీద కూలబడ్డాడు.

“నా చేత్తోనే జరిగేదా అమ్మా?”

సుప్రజ తలూపింది. ఆయన బల్ల మీది పంచాంగాన్ని ఆమెవైపు తోశాడు.

“ఇండియా టైముని మన టైముకి మార్చి, రెండుసార్లు సరిచూసేసరికి లేటయింది. నువ్వు చెప్పింది తప్పమ్మా. పదకొండుకి వర్జ్యం లేదు, అమృత ఘడియలు.”