నిక్కచ్చి ఎర్రదీపం

డాక్టర్ తరణీరావు తన యంత్రాన్ని ఏలూరులో మొదటిసారి ఆన్ చేసిన పూట, సోలార్ పలకలు అమ్మేవాళ్లందరికీ ఒక్కసారిగా గొంతు పూడుకుపోయిందంటే నమ్మండి! దాని పేరు నిక్కచ్చి. అలాంటిలాంటి యంత్రమా అది?

కరెంటు రేటు గంటగంటకీ మారే రోజులవి. బిల్లు పెంచేది ఏసీ అని టీవీ, గీజరని పక్కింటావిడ, మా పలక పెడితే బిల్లే రాదని అమ్మేవాడు. ఎవరిని నమ్మాలో బ్రహ్మదేవుడికే తెలిసేది కాదు. నిక్కచ్చి ఆ చిక్కు చిటికెలో విప్పేసింది. మనిషి మనిషికీ అడుగుల చప్పుడు వేరైనట్టే, ఒక్కో వస్తువు కరెంటు లాగే తీరు వేరు. మీటరు నుంచి వచ్చే ఆ చప్పుళ్లన్నీ అది వింటుంది. ఖర్చు గురించి ఎవరేం చెప్పినా సరిచూస్తుంది. నిజమైతే పచ్చదీపం, కాకపోతే ఎర్రదీపం. ఆపైన, చెప్పినవాళ్లు నమ్మదగినవాళ్లో కారో కంచుగంటలా చాటేస్తుంది.

భర్త ముచ్చటపడి దాన్ని ఇంటికి రప్పిస్తే వకుళ గుండె గుభేలుమంది. మామగారు గవర్రాజు ఏళ్ల తరబడి రైసుమిల్లు దుమ్ము మింగిన మనిషి. హాల్లో రోజంతా తిరిగే ఆక్సిజన్ మిషనే ఆయన ఊపిరి. బిల్లొచ్చినప్పుడల్లా "నా మిషనేనా అమ్మాయ్?" అనేవాడు. "కాదు మావయ్యగారూ, ఆ పాత ఫ్రిజ్" అనేది వకుళ. ఆయన వెళ్లి చేతికర్రతో ఫ్రిజ్‌కి ఒక్కటిచ్చుకుని వచ్చేవాడు.

తరణీరావే స్వయంగా వచ్చి నిక్కచ్చిని గోడకి బిగించాడు. బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువుకైనా మొదటి చెయ్యి పెద్దాయనదే. అలవాటుకొద్దీ వకుళ నోరు జారింది.

"మావయ్యగారూ, ముందు మీరడగండి."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "ఈ ఇంట్లో కరెంటు మింగే రాక్షసి ఫ్రిజ్జేనంటుంది మా కోడలు. అవునా?"

ఎర్రదీపం.

"కాదు. సగం పైగా లాగుతున్నది ఆక్సిజన్ మిషన్. చెప్పినది కోడలు. నమ్మదగినవారు కారు."

"చూశారా! ఎక్కడైనా తడబడిందా?" తరణీరావు చప్పట్లు కొట్టాడు.

"పాపం ఫ్రిజ్, ఊరికే దెబ్బలు తింది" అని నవ్వాడు గవర్రాజు. కోడలి వంక చూసి, "ఇన్నాళ్లూ భలే కథ నడిపించావే అమ్మాయ్" అన్నాడు.

మర్నాటి నుంచి వకుళ గుమ్మం దాటితే చాలు, హాల్లో మిషన్ చప్పుడు ఆగిపోయేది.

"ఆపేస్తున్నారా మావయ్యగారూ?"

"ఛ! రోజంతా తిరుగుతూనే ఉంది."

ఎర్రదీపం వెలిగింది. ఆయన దానిమీద తువ్వాలు కప్పాడు. "మామాకోడళ్ల మధ్య చాడీలు చెబుతోంది, దరిద్రపుది!"

వకుళ బతిమాలింది. స్విచ్ కదలకుండా టేపు అంటించింది. ఒక మధ్యాహ్నం బజారుకెళ్లి కొత్తిమీరకట్టతో తిరిగొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఊడదీసిన టేపు స్విచ్ పక్కనే గోడకి శుభ్రంగా అంటించి ఉంది. కుర్చీలో గవర్రాజు తల పక్కకి వాలి ఉంది.

తర్వాతి నెల తరణీరావు శాలువా పట్టుకుని ఊడిపడ్డాడు. గోడమీది ఫొటో, దానికి వేసిన దండ ఆయన కంటపడనేలేదు.

"ఊరు మొత్తం మీద పొదుపులో మీ ఇల్లే ఫస్టమ్మా! ఎలా చేశారో చెప్పండి, నలుగురూ నేర్చుకుంటారు."

వకుళ ఖాళీ కుర్చీ వంక చూసింది. వంటింట్లో పాత ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది.

"ఫ్రిజ్ ఆపేశాం సార్."

తువ్వాలు కింద దీపం ఎర్రగా వెలిగింది.