పెనుకొండ మందుగుండు కొట్టులో కదిలిన ముల్లు

పెనుకొండ కొండ మీద, కోటవాళ్ళు మందుగుండు దాచిన పాత కొట్టు వైపు పొద్దు గుంకాక ఎవరూ పోయేవాళ్ళు కాదు. ఎప్పుడో అందులో కాలిపోయిన కావలివాళ్ళు ఇంకా పారా తిరుగుతున్నారని చెప్పుకునేవారు.

1966లో ఆ రాతి గదిలో రాత్రుళ్ళు గడిపినవాడు నాగభూషణం. హిందూపురం మనిషి, బెంగళూరులో ఫిజిక్సు లెక్చరరు. అతని నోట విన్నదే ఇది.

పరమాణువులో ధన, ఋణ విద్యుత్తులు రవంతైనా చెరో పక్కకు ఒరిగి ఉన్నాయా అన్నది అతని వెతుకులాట. గాజు గొట్టంలోని పరమాణువుల మీద బ్యాటరీలతో బలమైన విద్యుత్తు పెట్టి, స్విచ్చితో దాని దిక్కు మారుస్తాడు. ఒరిగి ఉంటే మీటరు ముల్లు కదలాలి. ఊళ్ళో రైలు పోయినా, పక్కన కరెంటు తీగ ఉన్నా వాటి అయస్కాంత బలానికి ముల్లు ఊరికే వణుకుతుంది. అందుకే ఈ కొట్టు.

కొండ కింద గొర్రెలు కాసే ముసలి దాసమ్మ సాయంత్రాలు సంకటి తెచ్చేది.

“పెండ్లి చేసుకోకుండా దెయ్యాలతో కాపురమేంటికప్పా?”

“సంకటికి నువ్వుండావు కదవ్వా.”

“నవ్వు, నవ్వు… రాత్రికి తెలుస్తాది.”

ఒక రాత్రి టప్పున స్విచ్చి తిప్పాడు — కాసేపటికి ముల్లు కదిలింది. మళ్ళీ తిప్పాడు — వెనక్కి వచ్చింది. మళ్ళీ… మళ్ళీ… ప్రతిసారీ అంతే.

నిజమైతే, ప్రపంచంలో ఎవరూ చూడనిది తాను చూశాడు. కాకపోతే, పరికరం అబద్ధమాడుతోంది. తీగలు మార్చాడు. గాజు తుడిచాడు. ముల్లు మానలేదు.

చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడు.

అప్పుడు — గోడ అవతల అడుగులు. దగ్గరికి వచ్చాయి… ఆగాయి. రాళ్ళ సందులో ఒక కన్ను.

“ఎవరు?”

“నేనప్పా… దాసమ్మను.”

తలుపు తీశాడు. ఆమె చేతిలో గడ్డపార.

“నీ డబ్బా టప్పుమంటే నాకు గుండె జల్లుమంటాది. వచ్చి సందులో సూస్తా. మళ్ళా టప్పుమంటే, బతికే ఉండాడులే అని పోయి ఆ బండ మీద కూచుంటా. ఒంటిగా ఉండావు… ఇనుముండే చోటికి దెయ్యం రాదప్పా.”

అతను ఆ గడ్డపారను చాలాసేపు చూశాడు. ఇనుము గోడ దగ్గరికి వస్తే ముల్లు కదిలింది. దూరం పోతే వెనక్కి వచ్చింది. అంతే.

“ఇనుము తేవద్దవ్వా. నా ముల్లు దానికే కదుల్తాండాది.”

“అది లేకుండా రాత్రిపూట ఈడికెట్లొస్తానప్పా?” అని ఆమె కొండ దిగిపోయింది.

మరుసటి రాత్రి తెల్లవార్లూ స్విచ్చి తిప్పాడు. ముల్లు కదల్లేదు. అంత శుభ్రమైన కొలత అతనికి అంతకుముందెన్నడూ రాలేదు.

కానీ స్విచ్చి తిప్పిన ప్రతిసారీ అతను ముందు మీటరును కాదు, గోడ సందును చూశాడట.