గోడ అడుగున ముఖం

డిటెక్టివ్ గదిలో చిత్రకారిణి పిమ్‌చన్ కుర్చీలో కూర్చోలేకపోయింది. కిటికీ దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లింది.

"చర్చి గోడకు మేం వేసిన టైళ్ల బొమ్మలో ముఖం ఉన్న టైలొక్కటే పోయింది సార్. నాతో కలిసి వేసిన దువార్తె, తీసింది నేనేనని నింద వేస్తున్నాడు. సాయంత్రం ఆవిష్కరణలోపు దొరక్కపోతే గోడ మీద నా పేరుండదట. రెండేళ్ల పని!"

"నువ్వెందుకు తీస్తావు?" అన్నాడు డిటెక్టివ్ విచియన్.

"నిన్న పోట్లాడుకున్నాం లెండి. ఎవరి పేరు ముందుండాలని."

విచియన్, సహాయకుడు ప్రసోంగ్ ఆమెతో పడవ దిగి, పాత పోర్చుగీసు క్రైస్తవుల పేట కుదీచీన్ సందుల్లోకి నడిచారు. చర్చి నడవాలో, గోడ అడుగున, నీలిరంగు టైళ్ల బొమ్మ. ఓడలు, తీగలు, పొయ్యి ముందు కేకులు కాలుస్తున్న స్త్రీ. ఆమె తల ఉండాల్సిన చోట ఖాళీ. చర్చి పెట్టెలో దొరికిన పాత ఫొటో చూసి పిమ్‌చన్ వేసిన ముఖమది. ఎవరిదో చిత్రకారులకు తెలియదు.

ప్రసోంగ్ వంగి చూశాడు. "పక్క టైళ్లకు గీతైనా పడలేదు గురువుగారూ. సిమెంటు పచ్చిగా ఉండగానే పలుచని రేకుతో లేపారు."

"కోపంతో తీసిన చెయ్యి కాదు."

లిస్బన్ చిత్రకారుడు దువార్తె విసురుగా వచ్చాడు. "ఈవిడకు కాక ఇంకెవరికి అవసరం?" ఎదురింటి ఫిలొమేనా పిన్ని, తన పొయ్యి మీది కేకులు తెచ్చింది.

విచియన్ ముగ్గురినీ గోడకెదురుగా బల్ల మీద కూర్చోబెట్టాడు. దువార్తె కాళ్లు బార్లా చాపాడు. పిమ్‌చన్ చాపిన పాదాలు ఆగకుండా ఊగుతున్నాయి. ఫిలొమేనా కాళ్లు పక్కకు మడిచి బల్ల కిందికి లాక్కుంది.

విచియన్ ఆ మడిచిన కాళ్ల వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ముఖం లేని ఆ ఖాళీ వైపు కూడా పాదాలు చాపలేకపోయారు పిన్నీ. ఆ ముఖం ఎవరిదో మీ ఒక్కరికే తెలుసు. అచ్చులోంచి కేకులు తీసే మీ అట్లకాడా పలుచనిదే."

"మా అమ్మ," అందామె. "నిన్న ఎవరో చెప్పుల కాలు ఆవిడ నెత్తికి ఆనించి నిలబడ్డారు. నీకైతే ఎలా ఉంటుంది బాబూ? చెబుదామనే వచ్చా. అప్పుడు వీళ్లిద్దరూ పేర్ల కోసం అరుచుకుంటున్నారు. టైలు భద్రంగానే ఉంది, మా ఇంట్లో మరియమ్మ విగ్రహం పక్కన."

దువార్తె మొహం పాలిపోయింది. "మా దేశంలో టైళ్లు గోడ అడుగునే పెడతాం. ఇక్కడ మనిషి తల పాదాల దగ్గర ఉండకూడదని నాకు తెలియదు. పిమ్‌చన్, నీకు తెలుసు కదా?"

ఊగుతున్న పాదాలు ఆగిపోయాయి. చిన్నప్పటి నుంచీ తెలుసు. గీస్తున్న రెండేళ్లూ ఆ ముఖంలో ఆమె చూసుకున్నది తన పేరునే.

"క్షమించు. నీ పేరే ముందు రాస్తాను," అన్నాడు దువార్తె.

పిమ్‌చన్ ఉలి అందుకుని గోడ ముందు మోకరిల్లింది. "పేరు సంగతి తర్వాత. ముందు ఆవిణ్ణి పాదాలందనంత పైకెత్తుదాం, పట్టు."