ఉషారాణి ఇవ్వని దానం

"నలుగురినీ రమ్మన్నవా బావా?"

అడుగుతూనే ఉషారాణి చేతిలోని ఇడ్లీ గిన్నెను పొయ్యి గట్టు మీద పెట్టేసింది. 

శ్రీధర్ తలెత్తకుండా బూట్ల లేసులు బిగించుకుంటున్నాడు. వీపు మీద బైకుల క్లబ్బు గుర్తున్న నల్ల జాకెట్ వేసుకున్నాడు. వారమంతా కరెంటు ఆఫీసులో ఫైళ్ల మధ్య వంగి కూర్చునే మనిషి, ఆ జాకెట్ ఒంటి మీదికి వస్తే చాలు, ఖమ్మంలోని ఖానాపురం హవేలి పేటలో ఉన్న ఆ రెండు గదుల ఇల్లు తనకు సరిపోనట్టే నడుస్తాడు.

"రమ్మన్న. వాళ్లు గూడ ఖుషీగ ఒప్పుకున్నరు. వీరబాబన్న కన్యాకుమారి నుంచి ఒక్కడే బండి మీద వస్తుండు. కాశ్మీర్ దాకా పోతుండు. ఎవరి కోసం? నిత్య లాంటి పిల్లల కోసమే గదా. భద్రాచలం శిబిరంల గీ దొరకని గ్రూపోళ్లు నలుగురు ముందుగాల కూసుండి రక్తం ఇస్తే, చూసినోళ్లకు ఎంత ధైర్యం వస్తది చెప్పు."

"మరి నిత్యకో?"

ఆ ఇంట్లో ఎన్ని మాటలు మొదలైనా చివరికి ఆ ప్రశ్న దగ్గరే ఆగుతాయి. వాళ్ల ఒక్కగానొక్క కూతురు నిత్యకు తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు, మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే. పోనీ అందరికీ ఉండే గ్రూపా అంటే, అదీ కాదు. ఖమ్మమంతా గాలిస్తే ఆ గ్రూపు వాళ్లు నలుగురు దొరికారు. ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ మూడు నాలుగు నెలల దాకా ఇవ్వకూడదు కనుక, ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుని ఇస్తారు. ఉషారాణికి ఇంట్లో పప్పు ఎప్పుడు నిండుకుందో గుర్తుండదు కానీ, ఆ నలుగురిలో ఎవరి వంతు ఎప్పుడో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. రాఖీ పండుగకు ముగ్గురు మగవాళ్లకూ రాఖీ కడుతుంది. నాలుగో ఆమె నాగలత టీచరుకు జాకెట్ గుడ్డ పెట్టి పసుపు రాస్తుంది. వాళ్లలో ఎవరికైనా జ్వరం వచ్చిందంటే ఈమెకు ముద్ద దిగదు!

ఆ నలుగురూ ఒకేరోజు ఇచ్చేస్తే... ఆ తర్వాత మూడు నెలలు ఎవరి గడప తొక్కాలి?

"నేను ఆలోచించకుంటనే ఒప్పుకున్ననా ఉషా?" శ్రీధర్ ఇప్పుడు తలెత్తాడు. "రెండు యూనిట్లు మన పాప పేరు మీద పక్కకు పెట్టమన్న. సోమవారం ఒకటి ఎక్కిద్దం, ఇంకొకటి మళ్లొచ్చేసారికి. మిగిలిన రెండే పట్నం పోతయ్. మన పిల్ల కోసం ఊరంతా ఇస్తుంటే, మనం ఊరికి ఇయ్యొద్దా?"

ఉషారాణి ఆశగా అత్తవైపు చూసింది. గడప దగ్గర కూర్చున్న సోమ్లి చూపు తిప్పేసుకుంది. సోమ్లి పరాయి అత్త కాదు, ఉషారాణికి సొంత మేనత్త. "నా తమ్ముని బిడ్డ నా ఇంటికే రావాలె" అని తండాలో పట్టుబట్టి పెళ్లి చేసింది ఆమే. మొగుడిలోనూ పెళ్లాంలోనూ ఆ జబ్బు బయటపడకుండా దాగి ఉందని, అది ఇద్దరి నుంచీ బిడ్డకు చేరిందని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆ ముసలిది ఇంట్లో ఏ గొడవలోనూ నోరు విప్పలేదు. విప్పే హక్కు తనకు పోయిందనుకుంటుంది.

"బస్సులోనా, కారులోనా నాన్నా?" అంటూ నిత్య కొత్త గౌనుతో పరిగెత్తుకొచ్చింది. ఆ మొహం చూశాక ఉషారాణి దారికి ఇడ్లీలు డబ్బాలో సర్దింది.

క్లబ్బు బండ్లన్నీ బారుగా ముందు సాగితే, వెనక కిరాయి కారులో తల్లీ కూతురూ నానమ్మా బయలుదేరారు. పాల్వంచ దాటాక అడవి మొదలైంది. దారి పొడవునా జనం ఆగి చూస్తున్నారు, పిల్లలు చేతులూపుతున్నారు. అన్నిటికన్నా ముందున్న బండి వీరబాబుది, దాని పక్కనే శ్రీధర్‌ది. తన మొగుడు అంత నిటారుగా కూర్చోవడం ఉషారాణి పెళ్లిలో కూడా చూడలేదు. కోపం ఉన్నా, ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది. ఆసుపత్రి వరండాల్లో చేతులు కట్టుకుని నిలబడీ నిలబడీ అలిసిపోయినవాడు, ఏదో ఒకటి చేస్తున్నానన్న సంతోషం అతనికీ కావాలి కదా...

బూర్గంపాడు దగ్గర టీ కోసం ఆగినప్పుడు వీరబాబు కారు దగ్గరికి వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, ఎండకు మొహం నల్లగా కమిలిపోయింది. నిత్యను ఎత్తుకుని బండి మీద కూర్చోబెట్టి హారన్ కొట్టించాడు.

"మా అబ్బాయికీ ఇదే జబ్బండీ" అన్నాడు ఉషారాణితో. "ఏడేళ్లు ఉన్నాడు. ఆ రోజు రక్తం దొరకడం కాస్త ఆలస్యమైంది, అంతేనమ్మా. మీ వారు అదృష్టవంతులు, ముందుచూపుతో అన్నీ అమర్చుకున్నారు."

ఉషారాణి అతనికి టీ గ్లాసు అందించింది.

శిబిరం ఘనంగా జరిగింది. నలుగురూ వేదిక మీద వరుసగా పడుకుని రక్తమిచ్చారు. అది చూసి, అప్పటిదాకా తలుపు దగ్గర తచ్చాడుతున్న కుర్రాళ్లు కూడా లోపలికి వచ్చారు. నాగలత టీచరు లేచి జ్యూస్ తాగుతూ, "నీ బిడ్డవి రెండూ జాగ్రత్తగ పెట్టించిన. ఫికర్ చెయ్యకు ఉషా" అని భుజం తట్టింది. ఆ రాత్రి సత్రంలో ఉషారాణి హాయిగా నిద్రపోయింది. ఆ నిద్రను తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు ఏడ్చిందో!

ఆదివారం పొద్దున ఆ రెండు యూనిట్లనూ ఐస్ పెట్టెలో తీసుకెళ్లడానికి అందరూ ఆసుపత్రికి వెళ్లారు. శ్రీధర్ రక్తనిధి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఉషారాణి నిత్యను ఒళ్లో కూర్చోబెట్టుకుని వరండా బల్ల మీద కూర్చుంది. అంతలో అంబులెన్స్ వచ్చింది. ములకలపల్లి అడవి పక్క ఊరి నుంచి తెచ్చారట. స్ట్రెచర్ మీద ఒక పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో, మొహం తెల్లగా పాలిపోయి ఉంది. వెనకాలే ఒక నడివయసు ఆమె, చెప్పుల్లేకుండా, అప్పుడే పుట్టిన పసిగుడ్డును కొంగులో పొదువుకుని పరిగెత్తుతోంది.

కాసేపటికి డాక్టరమ్మ బయటకు వచ్చింది. "శ్రీధర్ గారూ, మీ పాప కోసం పెట్టిన యూనిట్లు రెండూ ఇక్కడనే ఉన్నయ్ గదా. లోపల రామక్క అని ఒక అమ్మాయి ఉంది. కాన్పయినంక రక్తం ఆగుతలేదు. ఆమెది గూడ అదే గ్రూపు. బయటినుంచి వచ్చేదాకా ఆమె ఉండదు. మీ పాప నాలుగు రోజులు ఆగగలదు. మీరు సరేనంటే..."

వద్దు. ఉషారాణి గొంతుదాకా వచ్చిన మాట అదొక్కటే. ఇవ్వను, నా బిడ్డది నేనెవ్వరికీ ఇవ్వను. లోపల ఉన్నది ఎవరైనా కానీ, ఏమైనా కానీ... ఆ మాట ఎంత గట్టిగా తన్నుకొచ్చిందంటే, ఆమెకే భయం వేసింది. అనలేకపోయింది. చిన్నప్పటి నుంచి మంచి పిల్ల అనిపించుకున్న నోరు అది, అంత మాట దాన్నుంచి రాలేదు. పోనీ సరే అన్నదా? అదీ అనలేదు. నిత్య జుట్టులో మొహం దాచుకుంది.

"ఉషా..." అన్నాడు శ్రీధర్.

ఆమె తలెత్తలేదు. అతను ఒక్క నిమిషం చూశాడు. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. ఏనాడూ తన మాటకు అడ్డు చెప్పని ఇల్లాలి మౌనాన్ని ఏ మగవాడైనా అలాగే కదా అనుకునేది!

"తీసుకోండి మేడం" అన్నాడు.

మధ్యాహ్నానికి రామక్క కళ్లు తెరిచింది. ఆమె తల్లి జంపక్క, కొంగులో బిడ్డను పొదువుకుని వచ్చిన మనిషి, ఎవరో చెబితే విని వరండాలోకి వచ్చి ఉషారాణి కాళ్ల మీద పడింది.

"నా బిడ్డకు పానం పోసినవ్ తల్లీ. నీ బిడ్డది తీసి నా బిడ్డకు ఇచ్చినవట."

ఉషారాణి కాళ్లు వెనక్కి లాక్కుంది. "లే అమ్మా, లే" అన్నది కానీ, అసలు మాట చెప్పలేకపోయింది.

ఆ సాయంత్రం వీరబాబును ఛత్తీస్‌గఢ్ దారిలో సాగనంపుతూ శ్రీధర్ మైకు పట్టుకున్నాడు. పొద్దున జరిగిందంతా చెప్పాడు.  "నా భార్య ఒక్క మాట గూడ అడ్డం చెప్పలే" అన్నాడు. బండ్ల వాళ్లంతా చప్పట్లు కొట్టారు. వీరబాబు హెల్మెట్ తీసి, అంతమంది ముందు ఆమెకు దండం పెట్టాడు. ఎవరో శాలువా కప్పారు. ఆ శాలువా కింద ఉషారాణి ఒళ్లు మండిపోయింది. చెయ్యని పుణ్యానికి ఇంత మర్యాదా... పోనీ నిజం చెప్పేద్దామంటే, ఎలా చెప్పాలి? నాకు ఇష్టం లేదు, ఆ పిల్ల చచ్చిపోయినా సరేననుకున్నాను అని ఈ జనం ముందు ఏ నోటితో చెప్పాలి?

సోమవారం గడిచింది. రక్తం దొరకలేదు. పట్నం వెళ్లిన రెండు యూనిట్లూ అప్పటికే ఎవరికో ఎక్కించారు. నలుగురూ ఫోన్లు చేసి ఏడ్చినంత పని చేశారు. "మళ్ల తీసుకుంటరేమో అడుగుత ఉషా, నాకేం కాదు" అని నాగలత టీచరు ఆసుపత్రికి వెళితే, కోప్పడి పంపేశారు. నాలుగు రోజులు ఆగగలదన్న పిల్లకు మూడో రోజే జ్వరం తగిలింది. మెట్లెక్కలేక సగంలో కూర్చుండిపోయేది. ఆ తర్వాత మంచం దిగడమే మానేసింది. ఖమ్మంలో పెద్ద దవాఖానాలో చేర్చారు. శ్రీధర్ బండి మీద ఈ ఊరూ ఆ ఊరూ తిరుగుతున్నాడు. క్లబ్బు వాళ్లు కూడా ఊరికొకరు చొప్పున తిరుగుతున్నారు, పాపం. ఒంటి మీద జాకెట్లు లేవు, ముందు జెండాలూ లేవు.

"తప్పు చేసిన్నా ఉషా?" అన్నాడు శ్రీధర్ ఒకసారి, వరండా గోడకు ఆనుకుని. "ఆ పిల్ల సచ్చిపోతుంటే ఎట్ల వద్దందు? నువ్వే చెప్పు."

 అతనిది తప్పంటే రామక్క కళ్ల ముందు కదులుతుంది. కాదంటే నిత్య పాలిపోయిన పెదవులు కనిపిస్తాయి. తిట్టడానికైనా ఒక మనిషి ఉంటే బాగుండేదనిపించింది. ఎవరున్నారు తిట్టడానికి? ఎవరి పాపం లేకుండానే బిడ్డ వాడిపోతోంది.

శనివారం నాడు జంపక్క వచ్చింది. ఎవరిని అడిగి తెలుసుకుందో, బస్సులు మారి, కొడుకు గోపాలును వెంటబెట్టుకుని దవాఖానా వెతుక్కుంటూ వచ్చింది.

"మీ పాప రక్తానికి మా పిల్ల అడ్డమొచ్చిందని తెలిసింది తల్లీ. వీడు రామక్క అన్న. అక్కడ దవాఖానల చూపిచ్చిన, వీనిది గూడ గదే రకమట. ఎంత గావాల్నో అంత తీస్కోండ్రి."

గోపాలు అప్పటికే చొక్కా చేయి పైకి మడిచి నిలబడ్డాడు, కండ తిరిగిన చేయి. ఉషారాణికి ఆ చేతిని కళ్లకద్దుకోవాలనిపించింది. సోమ్లి లేచి వచ్చి గోపాలు తల నిమిరింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె గట్టిగా మాట్లాడింది. "దేవుని లెక్క వచ్చినవ్ కొడకా" అన్నది.

పరీక్షకు తీసుకెళ్లారు. చాలాసేపటికి డాక్టరు వచ్చాడు. వచ్చే నడకలోనే ఉషారాణికి అర్థమైపోయింది.

"గ్రూపు కలిసింది. కానీ ఈయన రక్తంలో సికిల్ సెల్ లక్షణం, అంటే రక్తకణాలు కొడవలి లెక్క వంగే గుణం ఉంది. అడవి ఊళ్లల్లో చాలామందికి ఉంటది. ఆయనకేం ప్రమాదం లేదు, గాని పాపకు ఎక్కించలేం. వరంగల్ నుంచి రేపు ఒక యూనిట్ వస్తదంటున్నరు. చూద్దాం."

రేపటిదాకా... అని అడగబోయి ఉషారాణి ఆగిపోయింది. డాక్టరు ఆమె కళ్లలోకి చూడలేదు.

గోపాలు చొక్కా చేయి కిందికి దించుకున్నాడు. అంత బలమైన మనిషి, తానేదో తప్పు చేసినట్టు తలొంచుకుని బయటకు వెళ్లిపోయాడు. జంపక్క మంచం పక్కన కింద కూలబడింది.

"ఇయ్యనీకె వస్తే గిట్లయిందేంది తల్లీ. నువ్వు అంత పెద్ద మనసు చేసుకొని ఇచ్చినవ్, నేను తిరిగి గింత ఇయ్యలేకపోతి."

ఇక ఉషారాణి వల్ల కాలేదు. ఆమె కూడా కింద కూర్చుంది. నిత్య నిద్రలో ఎగఊపిరి తీస్తోంది.

"నేను ఇయ్యలేదక్కా" అన్నది. "నా మొగడు ఇచ్చిండు. నేను ఇయ్యొద్దనుకున్న. నీ బిడ్డ ఏమైతే నాకేందనుకున్న. నోట్లకెల్లి మాట రాలే, గంతే. మీరందరు దండాలు పెడుతుంటే ఊకున్న. నా బుద్ధికే నా బిడ్డకు గిట్లయితుందా అని..."

మిగతాది ఏడుపులో కలిసిపోయింది. జంపక్క కోపంతో లేచి వెళ్లిపోతుందనుకున్నది ఉషారాణి. తిడుతుందేమోనని ఎదురుచూసింది కూడా. ఎవరో ఒకరు తనను తిట్టాలి.

జంపక్క కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"నేనైతే గా రక్తం పెట్టిన ఐసు పెట్టె మీద అడ్డం పండుకొనన్న ఇయ్యకపోదును" అన్నది నెమ్మదిగా. "తల్లి ఇస్తదా ఏడనన్న?"

సోమ్లి గోడవైపు తిరిగి ఏడుస్తోంది. బయట శ్రీధర్ ఎవరికో ఫోన్లో గ్రూపు పేరు విడమరిచి చెబుతున్నాడు. ఉషారాణి జంపక్క చేతిని వదల్లేదు. ఇద్దరూ అలాగే మంచం పక్కన కూర్చుని, నిత్య ఊపిరి వింటూ ఉండిపోయారు.