బీరువాలోని ఏడో మిషన్

"నొక్కండి నాయుడు గారూ, ఆపకండి," అంది డాక్టర్ నిగమ, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

ఎర్రునాయుడు రబ్బరు సంచీ నొక్కాడు. గొట్టం గుండా గాలి అతని కూతురు పైడితల్లి ఛాతీలోకి వెళ్లింది. పదకొండేళ్ల పిల్ల, నరాల జబ్బు, సొంతంగా ఊపిరి తీసుకోలేదు. ఆ ఉదయం తొమ్మిదింటికి విశాఖలోని ఆ ఆసుపత్రిలో వెంటిలేటర్లు ఆరూ ఒక్కసారే ఆగిపోయాయి. అప్పటి నుంచి ఆరు మంచాల దగ్గరా మనుషులే సంచులు నొక్కుతున్నారు. నాయుడు అక్కడే మిషన్ ఆపరేటర్.

మేం చదువుకునే రోజుల్లో కంప్యూటర్ ల్యాబ్ బయట చెప్పులు విప్పించేవారు. ఎందుకని అడిగితే, వైరస్ వస్తుందనేవాడు అటెండరు. నవ్వుకునేవాళ్లం. నిజానికి అప్పట్లో మనల్ని కాపాడింది చెప్పులు విప్పడం కాదు, యంత్రాల మధ్య మాట కలవకపోవడం. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన వైరస్ మరో దాంట్లో నోరు మెదపలేదు. ఒక ప్రాసెసర్ ఆదేశాలు ఇంకో ప్రాసెసర్‌కి అర్థం కావు.

ఆ అడ్డుగోడ తీసేసింది నిగమే. ఏ ప్రోగ్రామునైనా ఏ ప్రాసెసర్ భాషలోకైనా క్షణంలో మార్చే చిప్ చేసింది. దాని పేరు దుబాసీ. అది ఉన్న యంత్రాలన్నీ వైర్లు లేకుండానే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. పదేళ్లలో దేశమంతా పాకింది. ప్రాసెసర్ల భాషలు నేర్పే కోర్సులను కాలేజీలు ఎత్తేశాయి.

ఈ ఉదయం వచ్చిన మాల్వేర్‌ని కూడా దుబాసీ శ్రద్ధగానే అనువదించింది. దాని పని అదే మరి. లోపలికొచ్చిన మాల్వేర్ వెంటిలేటర్ల ప్రోగ్రాములు చెరిపేసి, చివరికి దుబాసీనీ చంపేసింది. బాగుచేయడానికి ఆసుపత్రి వాళ్లు నిగమనే పిలిపించారు.

"బీరువాలో ఏడో మిషన్ ఉండాలి," అంది నిగమ ఉన్నట్టుండి. "దుబాసీ పెట్టొద్దని రాసిచ్చాను. తెప్పించండి!"

నాయుడి చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"నొక్కండి!"

"పొద్దున తీసి ఆన్ చేస్తే అదీ పోయిందమ్మా," అన్నాడతను. "మొన్న ఆయుధపూజకి ఆరింటికీ బొట్టు పెట్టాం. పాట పెడితే ఆరూ లైట్లు వెలిగించి ఆడాయి. ఏడోది మూల బీరువాలో మూగదానిలాగ ఉండిపోయింది. పండగ పూట పాపం అనిపించి దానికీ దుబాసీ పెట్టేశాను. తియ్యడం మర్చిపోయాను."

నిగమ టైపు చేయడం ఆపింది.

"తిట్టండమ్మా. నా పిల్లని నేనే..."

"ఏమని తిట్టను?" ఆమె ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "విరుగుడు గంట క్రితమే తయారైంది. మార్చి చెప్పే దుబాసీ లేకుండా అది మిషన్‌లోకి వెళ్లదు. కొత్త దుబాసీ పెడితే దాన్నీ చంపేస్తోంది."

"మీరే మార్చి రాసేయండి. దుబాసీని చేసిన మనిషి మీరు!"

"ఈ మిషన్ల ప్రాసెసర్ భాష నాకు రాదండీ. ఇక అవసరం లేదని నేర్చుకోలేదు. ఆ భాష వచ్చినవాళ్ల కోసం నాలుగు దేశాలకు ఫోన్లు చేశాను. దొరికినాయనకు ఎనభై ఏళ్లు. పాత పుస్తకాలు వెతుకుతానన్నాడు."

"ఎంతసేపు పడతాదమ్మా?"

అతని వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అది చూసి నిగమ లేచి, సంచీ తను తీసుకుంది. రెండుసార్లు తొందరగా నొక్కింది, మూడోసారి ఆలస్యమైంది. పిల్ల పెదవులు నీలమయ్యాయి.

"నాకు లెక్క కుదరడం లేదు!"

"నన్ను చూడండమ్మా," అన్నాడు నాయుడు, కూతురి మంచం అంచున కూర్చుని. "నేను పీల్చినప్పుడల్లా నొక్కండి."

నిగమ అతని ఛాతీ మీద చూపు నిలిపింది. అది పైకి లేచినప్పుడల్లా నొక్కింది. పిల్ల పెదవుల రంగు మెల్లగా తిరిగొచ్చింది. అది చూసేసరికి నాయుడికి దుఃఖం పొంగుకొచ్చి ఊపిరి ఎగిసిపడింది. సంచీ మీద నిగమ చెయ్యీ తడబడింది.

"ఏడవకండి నాయుడు గారూ," అంది ఆమె, తన కళ్లు తుడుచుకునే వీల్లేక. "మీరు ఏడిస్తే పాపకి ఊపిరాడదు."